డాబాలు ఆరు, బేరం ఒక్కటే

వైశాఖం వచ్చిందంటే మా నగరంలో డాబా మీద కాలు పెట్టలేం. పొద్దున పెట్టిన వడియాలు రెండో రోజుకి గలగలలాడతాయి. అంత ఎండా పైన ఊరికే పోతుంటే, కింద ఫ్యాన్లకీ ఏసీకీ బిల్లు కట్టుకుంటూ కూర్చున్నాం ఇన్నాళ్లూ. సోలార్ పెట్టించుకుందామని మా వీధిలో మొదట అనుకున్నది ఇద్దరం ఆడవాళ్లం. నెల తిరిగేసరికి ఆరిళ్లయ్యాం.

కలిసి ఎందుకంటారా? తెనాలిలో మా ఆడపడుచు ఒక్కతే పెట్టించుకుంది. డబ్బు ముట్టాక ఆ పెట్టినాయన ఫోనెత్తడం మానేశాడు. మధ్యాహ్నం మూడు దాటితే రెండు ప్యానెళ్లు వాటర్ ట్యాంకు నీడలోనే ఉంటాయి. వచ్చి జరపమంటే వచ్చేవాడు లేడు. ఒక్కింటి మాటని ఎవరు లెక్కచేస్తారమ్మా? అదే ఆరిళ్లు కలిసి అడిగితే రాక తప్పదు.

అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో 2009లో ఇరుగుపొరుగు వాళ్లు ఇలాగే జట్టుకట్టి, అందరి తరఫునా ఒకే బేరం కుదుర్చుకున్నారు. ‘సోలరైజ్’ అన్న పేరుతో అది తర్వాత ఎన్నో ఊళ్లకు పాకింది. డ్వాక్రా సంఘాలు నడిపిన చేతులు మనవి. మనకిది ఒక లెక్కా!

మేం సోలార్ పెట్టేవాళ్లను ముగ్గురిని ఒకే ఆదివారం మా అరుగు మీదకి పిలిచాం. ముగ్గురినీ ఒకటే అడిగాం: ధరెంత, చెడితే ఎన్నాళ్లలో వస్తారు, స్టాండు ఏ ఇనుముతో చేస్తారు? ఈ మూడోది మనకి ప్రాణం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. ఆ గాలి చూసినవాళ్లం స్టాండు దగ్గర కక్కుర్తి పడొద్దు. పైగా ఉప్పుగాలి, మామూలు ఇనుమైతే ఊరికే తుప్పు పడుతుంది. గాల్వనైజ్ చేసిందే కావాలని కాగితం మీద రాయించుకున్నాం.

వడియాలు, మిరపకాయలు, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలన్నది మా అత్తగారి దిగులు. స్టాండు ఎత్తుగా కట్టిస్తే కింద బట్టలు ఆరేసుకోవచ్చు. ఎత్తు పెరిగితే గాలి ఎక్కువ పడుతుంది కాబట్టి కాళ్లు గట్టిగా ఉండాలి. ఎండ కావాల్సినవాటికి పిట్టగోడ పక్కన కాస్త జాగా వదిలించుకున్నాం.

బేరం కలిసి ఆడినా, దరఖాస్తు మాత్రం ఎవరి సర్వీసు నంబరు మీద వాళ్లే పెట్టుకోవాలి. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000, 3 లేదా ఆ పైన 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అది బిగించాకే ఖాతాలో పడుతుంది. ముందు పెట్టుబడి మనదే, లేదంటే బ్యాంకు అప్పు. మంచి ఎండ రోజున కిలోవాటుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. మనం వాడగా మిగిలింది లైనులోకి పోతుంది, మీటరు లెక్క కడుతుంది.

ఒకటి ముందే చెబుతున్నా, తర్వాత నన్ను అనొద్దు. బ్యాటరీ లేకపోతే, లైన్లో కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా అలా పెట్టారు. ఇంకోటి, ఉప్పు బోరు నీళ్లతో ప్యానెళ్లు కడగొద్దు, తెల్లటి చారలు పడతాయి. మంచినీళ్లతో, పొద్దున్నే, అవి చల్లగా ఉన్నప్పుడు కడగండి.

మా ఆరిళ్లలో రెండిళ్లు దేనికి ఆగాయో తెలుసా? కాలం చేసిన మామగారి పేరు మీదే ఇంకా మీటరుంది. పేరు మార్పించుకుని వచ్చేదాకా మిగతా నలుగురం ఆగాం. మీరు మాత్రం ఇవాళే కరెంటు బిల్లు తీసి, దాని మీద ఎవరి పేరుందో చూడండి. తర్వాత ఆ బిల్లు పట్టుకునే పక్కింటి వదిన దగ్గరకి వెళ్లండి.