కొనుటయు నొక పరిచర్యయే
పాఠ్యభాగము: అపొ. కార్యములు 9:36-42

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపి యేడ్చిరి. ఆమె ప్రేమ చేతిపనియందు కనబడెను.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము ప్రాంతములో స్త్రీలు కొక్కెపు సూదితో లేసు అల్లుదురు. 19వ శతాబ్దములో మిషనెరీలు బీద స్త్రీల జీవనోపాధికై ఈ పని నేర్పిరి. పిమ్మట వ్యాపారము పెరిగెను. అల్లిన చేతికి మాత్రము స్వల్పమే దక్కెను. దినమునకు అనేక గంటలు అల్లినను, అది తీరికవేళ పనియని యెంచి తక్కువ కూలి యిచ్చిరని 1982లో వెలువడిన మరియా మీస్ గారి పరిశోధన గ్రంథము తెలుపుచున్నది.

మనము పండుగకు బల్లగుడ్డనో, పెండ్లికి బహుమానమునో ధర్మార్థమని కొందుము. అయితే అల్లిన సహోదరికి ఎంత చేరునని అడిగితిమా? మేమును బేరమాడి సంతోషించినవారమే; ఇప్పుడు సిగ్గుపడుచున్నాము. ఆమె కూలి తగ్గించి, మిగిలిన డబ్బు కానుకపెట్టెలో వేసినయెడల అది దానమగునా? బిగబట్టిన కూలి దేవునికి మొరపెట్టునని యాకోబు హెచ్చరించెను (5:4).

మొదట న్యాయమైన వెల, తరువాత దానము. ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.