మనసు కుదుటపడాలంటే...

భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. నాలుగు రోజులుగా ఫోను లేదు. వీసా కోసం చేసిన అప్పు అలాగే ఉంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ ఇల్లాలికి గుండె దడదడలాడుతుంది, కంటికి కునుకు రాదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, "నమాజు చేసేదానివి, నీకు దిగులేమిటి? నీ ఈమాన్ బలహీనపడింది" అంటారేమోనని జంకు. ఇలా లోలోపలే కుమిలిపోయేవారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు.

సోదర సోదరీమణులారా! ఆందోళన చెందడం నిజంగా విశ్వాస లోపమేనా?

హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) మాతృమూర్తి సంఘటన చూడండి. ఇస్రాయీల్ సంతతిలో పుట్టిన మగబిడ్డలను ఫిరౌన్ చంపిస్తున్న కాలమది. బిడ్డను నదిలో వదలమని, భయపడవద్దని, దుఃఖించవద్దని, అతన్ని తిరిగి ఆమె వద్దకే చేరుస్తామని అల్లాహ్ ఆమెకు తెలియజేశాడు. అంతటి వాగ్దానం ఉన్నా ఆ తల్లి హృదయం శూన్యమైపోయింది. అల్లాహ్ దాన్ని దృఢపరచకపోతే ఆమె రహస్యాన్ని బయటపెట్టేసేదేనని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది (అల్ ఖసస్: 7-13). అల్లాహ్ ఆమెను నిందించలేదు, ఆమె మనసును నిలబెట్టాడు. అప్పుడామె చేసిన పని గమనించండి: బిడ్డ జాడ తెలుసుకుంటూ వెళ్ళమని కూతురిని పంపింది.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ఆందోళన పాపం కాదు. మనసును నిలబెట్టేవాడు అల్లాహ్. మన చేతనైన ప్రయత్నం మనం చేయాలి. ఆ ప్రయత్నాలలో కొన్ని ఇవి:

1. నిదానంగా నమాజు: ఏదైనా విషయం కలవరపెడితే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) నమాజు వైపు మరలేవారు (అబూదావూద్). మనం మాత్రం కంగారులో నమాజును కూడా గబగబా ముగించేస్తాం. రుకూలో, సజ్దాలో తొందరపడకండి. నమాజు బయట కూడా గుండె దడ మొదలైతే కూర్చుని, నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. ఇలా అయిదు నిమిషాలు చేయండి. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఇది అల్లాహ్ మన శరీరంలో పెట్టిన ఏర్పాటు.

2. నిద్ర: ఇషాకు ముందు నిద్రించడాన్ని, ఇషా తర్వాత కబుర్లాడుతూ కూర్చోవడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు (బుఖారీ). నేడు ఆ కబుర్ల స్థానాన్ని సెల్‌ఫోను ఆక్రమించింది. పడకకు ముందే దాన్ని పక్కన పెట్టండి. టీ, కాఫీలలోని కెఫీన్ సుమారు అయిదు గంటలు గడిచినా సగం వరకు ఒంట్లోనే ఉంటుంది. కనుక నిద్ర పట్టనివారు అసర్ తర్వాత టీ మానుకోవడం మేలు.

3. నడక: పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఫజ్ర్ తర్వాత రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే ఆ లెక్క పూర్తవుతుంది.

4. ఆహారం: ఇంట్లో ఎవరైనా మరణించినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) 'తల్బీనా' అనే జావ వండించేవారు. అది రోగి మనసుకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె తెలిపారు (బుఖారీ). బార్లీ పిండిని పాలలో ఉడికించి, కాస్త తేనె కలిపి దీన్ని చేసుకోవచ్చు. దిగులులో అన్నం మానేసేవారికి ఇది తేలికైన ఆహారం.

5. ఆలోచనలను సరిదిద్దుకోవడం: సుమారు పదకొండు వందల ఏళ్ళ క్రితం బల్ఖ్ నగరానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీర, మానసిక ఆరోగ్యాలపై ఒక గ్రంథం రాశారు. ఆపద వేళకు మందులు ముందే సిద్ధం చేసుకున్నట్లు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే ధైర్యాన్నిచ్చే ఆలోచనలను కూడబెట్టుకోవాలన్నది ఆయన సలహా. మీరూ ఒక కాగితం మీద రెండు భాగాలు గీయండి. మీ చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి మరోవైపు రాయండి. అప్పిచ్చినవారితో మాట్లాడి గడువు అడగటం మీ చేతిలో ఉంది, అది రేపే చేయండి. మీ చేతిలో లేనివాటిని దుఆలో అల్లాహ్‌కు అప్పగించండి.

ఒక ముఖ్య విషయం. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆందోళనే అనుకుని ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. దిగులు వారాల తరబడి వదలకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా వైద్యుని సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలీ మానస్' నెంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అల్లాహ్ ఏ వ్యాధినీ మందు లేకుండా దించలేదన్నది ప్రవక్త (స) బోధన (బుఖారీ). కాబట్టి చికిత్స పొందడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

ఇక ఇంట్లోవారి బాధ్యత ఒకటుంది. దిగులుతో ఉన్నవారి ఈమాన్‌ను తూచకండి. పక్కన కూర్చుని వినండి. మూసా (అలైహిస్సలామ్) తల్లికి తోడుగా ఆమె కూతురు నడిచింది. మన ఇంట్లో ఆ తోడు మనమే కావాలి.

అల్లాహ్ కలత చెందిన హృదయాలకు నెమ్మదిని ప్రసాదించుగాక! ఆమీన్.