కుండ, కుమ్మరి, రెండు ఖర్జూరాలు

పోయిన వీడియోలో ఉదయనాచార్యుల న్యాయకుసుమాంజలి చూశాం కదా. కుండకి కుమ్మరి ఉన్నట్టే, జగత్తు కూడా కార్యమే కాబట్టి దానికీ ఒక కర్త ఉండాలి. ఇస్లాంలోనూ ఇలాంటి తర్కశాస్త్రం ఉంది, పేరు కలామ్. వాళ్లది ఒట్టి నమ్మకమే అని నేనూ అనుకునేవాణ్ణి. చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

1095లో బాగ్దాద్‌లో అల్ గజాలీ వాదన ఇది: మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, లోకం మొదలైంది, కాబట్టి దానికీ కారణం ఉంది. ఇంతవరకు మన న్యాయానికి దగ్గరగానే ఉంది. కానీ నైయాయికులకి పరమాణువులు నిత్యం, ఈశ్వరుడు వాటిని కూరుస్తాడంతే. గజాలీ లెక్కలో మట్టి కూడా దేవుడు చేసిందే!

మరి అనాదిగా ఉన్న దేవుడు సరిగ్గా అప్పుడే ఎందుకు సృష్టించాడు? అంతకుముందు ఎందుకు కాదు? గజాలీ జవాబు నాకు భలే నచ్చింది. ఆకలిగా ఉన్నవాడి ముందు అచ్చం ఒకేలా ఉన్న రెండు ఖర్జూరాలు పెట్టండి. తేడా లేదని పస్తుండడు, ఏదో ఒకటి తీసుకుంటాడు. అలా ఎంచుకోవడమే సంకల్పం పని.

తర్వాతి శతాబ్దంలో కార్డోబా పండితుడు ఇబ్న్ రుష్ద్ ఒప్పుకోలేదు. అతను ఎంచుకున్నది ఒక పండుని కాదు, పస్తు బదులు తిండిని అన్నాడు. నాకైతే ఈ దెబ్బ గట్టిదే అనిపిస్తుంది.

మనవాళ్లకి ఈ చిక్కు లేదు, సృష్టి ప్రళయాల చక్రానికి ఆదే లేదు కాబట్టి. అయితే గజాలీ మనల్ని అడగగలిగేది ఒకటుంది: మీ కుమ్మరికి మట్టి ఎక్కడిది?