ఒకే మోకాలి నీరు, రెండు రిపోర్టులు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. రాత్రికి రాత్రే మోకాలు వాచి, ముట్టుకోనివ్వనంత నొప్పి వచ్చింది. కీలులోంచి తీసిన నీటిని రెండు ల్యాబ్‌లకు పంపాం. ఒకరు స్ఫటికాలు లేవన్నారు, మరొకరు గౌట్ స్ఫటికాలు ఉన్నాయన్నారు. రక్తంలో యూరిక్ యాసిడ్ 6.1 మాత్రమే. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రెండో రిపోర్టు వైపే నా మొగ్గు. అయితే నమ్మే ముందు రెండు ల్యాబ్‌లనూ ఒక మాట అడగండి: ఆ రోజు మైక్రోస్కోప్‌లోని ఫిల్టర్లను సరిచూశారా? 1961లో అమెరికా వైద్యులు డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హోలాండర్ గౌట్ రోగుల కీలు నీటిలో యూరేట్ స్ఫటికాలను పోలరైజ్డ్ కాంతిలో చూపించారు. నేటికీ గౌట్‌ను రూఢి చేసుకోవడానికి అంతకు మించిన పరీక్ష లేదు. ఈ మైక్రోస్కోప్‌లో దీపం వైపు పోలరైజర్, లెన్సుకు పైన అనలైజర్ ఉంటాయి. రెండూ ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంటే కాంతి ఆగిపోయి తెర నల్లబడుతుంది, స్ఫటికాలు మాత్రమే మెరుస్తాయి. 5 డిగ్రీలు తప్పితే దాటగలిగే కాంతిలో వందకు ముప్పావు వంతే పైకి వస్తుంది. వినడానికి ఇది కొంచెమే, కానీ చిన్న స్ఫటికాల మెరుపూ అంత బలహీనమే కనుక ఆ బూడిదరంగులో అవి కలిసిపోతాయి. గౌట్‌లాగే మోకాలిని వాపెక్కించే కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు సహజంగానే మసకగా మెరుస్తాయి కాబట్టి, ముందుగా కనపడకుండా పోయేవి అవే.

సరిచూడడం కష్టమేమీ కాదు. స్లైడునూ ఎర్ర కాంపెన్సేటర్ పలకనూ తీసేసి, తెర వీలైనంత నల్లబడేదాకా పోలరైజర్‌ను తిప్పాలి. తర్వాత పలక పెడితే తెర ముదురు గులాబీ రంగుకు వస్తుంది. చివరగా, యూరేట్ అని ముందే రూఢి అయిన స్లైడు పెట్టాలి. సూదిలాంటి స్ఫటికం పలకపై గుర్తించిన అక్షానికి సమాంతరంగా ఉన్నప్పుడు పసుపుగా, అడ్డంగా ఉన్నప్పుడు నీలంగా కనిపించాలి. పైరోఫాస్ఫేట్‌ది సరిగ్గా దీనికి తారుమారు. అందుకే పలక అక్షం పొరపాటుగా గుర్తిస్తే గౌట్ కాస్తా మరో జబ్బుగా రిపోర్టులోకి ఎక్కుతుంది, మందులూ దారి తప్పుతాయి. ఏడాదికోసారి సర్వీసింగ్ చాలని కొందరు అంటారు. పోలరైజర్ చేతితో తిప్పేది, తుడిచేటప్పుడు కదలగలదు. కాబట్టి కూర్చున్న ప్రతిసారీ చూసుకోవడమే న్యాయం.

సూది ఆకారం మామూలు కాంతిలోనూ తెలుస్తుందిగా అంటారేమో. తెలుస్తుంది, కానీ పైరోఫాస్ఫేట్ కూడా కడ్డీలా ఉండగలదు. గతంలో కీలులోకి ఎక్కించిన స్టెరాయిడ్, గ్లౌజుల పొడి కూడా మెరుస్తాయి. రక్తపరీక్ష చాలదా అంటే, గౌట్ దాడి సమయంలో యూరిక్ యాసిడ్ మామూలు స్థాయికి దిగిపోవడం తరచూ జరిగేదే. అందుకే 6.1 చూసి గౌట్ కాదనలేం. అలాగని స్ఫటికాలు లేవన్న ప్రతి రిపోర్టుకూ పరికరమే కారణం కాదు. ఆ చుక్కలో నిజంగానే తక్కువ ఉండవచ్చు, చూసిన కంటికి అలవాటు చాలకపోవచ్చు. మిగిలిన నీరో స్లైడో ఉంటే, ఫిల్టర్లు సరిచూశాక అనుభవమున్న పాథాలజిస్టు మళ్లీ చూడాలని కోరండి. దాడి తగ్గిన రెండు వారాల తర్వాత యూరిక్ యాసిడ్ మరోసారి చేయించండి.

ఈలోపు వాయిదా వేయకూడనిది ఒకటుంది. స్ఫటికాలు ఉన్నా కీలులో ఇన్‌ఫెక్షన్ కూడా ఉండవచ్చు. కీలు నీటికి కల్చర్ చేయించారో లేదో ఈ రోజే కనుక్కోండి. జ్వరం, చలి ఉంటే స్ఫటికాల సంగతి పక్కనపెట్టి నాన్నగారిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.