కోనలో చల్లదనం: కొండల సూక్ష్మ శీతోష్ణస్థితి

ఏమిటిది?

పాండూరు, తిరుత్తణి వైపు మే నెల ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. తమిళనాడులో ఎక్కువ వేడి నమోదైన ఊళ్లలో తిరుత్తణి పేరు తరచూ వినిపిస్తుంది. సరిహద్దు దాటి నారాయణవనం దగ్గరి కైలాసకోనకు వెళ్తే ఆ ఎండల్లోనూ జలపాతం పక్క రాతిమీద నాచు తడిగా ఉంటుంది. చుట్టుపక్కల ప్రాంతానికి భిన్నంగా, చిన్న మేరకే పరిమితమైన ఇలాంటి స్థితే సూక్ష్మ శీతోష్ణస్థితి.

కారణాలు

వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని అందరూ రాస్తారు. కోన విషయంలో అది చిన్న కారణమే. నగరి కొండలది క్వార్ట్‌జైట్ రాయి. వాననీరు దాని పగుళ్లలోకి దిగి, కింద ఊటగా వస్తుంది. ఆ తడి ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. నిటారు రాతిగోడలు ఎండను కొద్ది గంటలే లోపలికి రానిస్తాయి, చెట్లు వడగాలిని ఆపుతాయి. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది.

ఇక్కడ మార్కులు పోతాయి

ఉత్తరార్ధగోళంలో దక్షిణ వాలే వేడి అన్న సూత్రం హిమాలయాలకు సరిపోతుంది. మనది సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఏప్రిల్ నాలుగో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. మండు వేసవిలో పడమటి వాలును కూడా చూడాలి.

వాతావరణ మార్పు

ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 1850–1900తో పోలిస్తే 2011–20లో భూమి సగటున 1.1 డిగ్రీలు వేడెక్కింది. ఒక్క డిగ్రీని తప్పించుకోవాలన్నా జీవి సుమారు 150 మీటర్లు పైకి జరగాలి. 365 మెట్లతో శిఖరం వచ్చేసే తిరుత్తణి కొండలో అంత జాగా ఎక్కడిది? అలాంటిచోట కోనలే ఆశ్రయాలు. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలంలో బంగారు బల్లి పగలు చల్లని రాతి సందుల్లోనే దాక్కుంటుంది.

అయితే ఈ రక్షణ శాశ్వతం కాదు. చెట్లు కాలిపోయినా, నరికినా, ఊట ఎండినా అక్కడి వేడి ఒక్క వేసవిలోనే ఎగబాకుతుంది. ప్రపంచ సగటుతో దానికి పని లేదు. వాతావరణ కేంద్రాలేమో ఆరుబయట కొలుస్తాయి కాబట్టి ఈ తేడా లెక్కల్లోకి రాదు.

మాదిరి ప్రశ్న

తూర్పు కనుమల్లోని చిన్న కొండల జీవవైవిధ్యానికి ఎత్తు కన్నా నీడ, నీరు ఎందుకు కీలకం? (150 పదాలు)