కువైట్: నిధి నిండుగా, బడ్జెట్ లోటుగా

కడప, గోదావరి జిల్లాల నుంచి వేలమంది పనికి వెళ్లే కువైట్‌కు చమురే ప్రాణం. బుర్గాన్ క్షేత్రంలో 1938లో చమురు పడింది. ఎగుమతి 1946లో మొదలైంది. ప్రభుత్వ ఆదాయంలో సుమారు 90 శాతం నేటికీ దానిదే.

స్వాతంత్ర్యానికి (1961) ముందే, 1953లో, చమురు మిగులును మదుపు చేసే బోర్డును లండన్‌లో పెట్టారు. ప్రపంచంలో తొలి సార్వభౌమ సంపద నిధిగా దీన్నే చెబుతారు. 1976లో భావితరాల నిధి వచ్చింది. ఏటా ఆదాయంలో 10 శాతం అందులో వేయాలన్న నిబంధనను 2020లో సడలించి, మిగులున్న ఏడాదే జమచేస్తే చాలన్నారు.

ఇంత సొమ్మున్నా లోటెందుకు? పౌరుల్లో అత్యధికులు సర్కారు కొలువుల్లోనే ఉన్నారు. జీతాలు, సబ్సిడీలే ఖర్చులో సింహభాగం. పైగా ఆ లోటు పూడ్చేందుకు ప్రభుత్వం అప్పు చేసే వీలిచ్చే రుణచట్టం గడువు 2017లో తీరిపోయింది. పార్లమెంటు, ప్రభుత్వం మధ్య పేచీతో కొత్తది రాలేదు. 2024 మేలో అమీర్ పార్లమెంటును రద్దు చేశారు. 2025లో 30 బిలియన్ దినార్ల పరిమితితో కొత్త రుణచట్టం వచ్చింది. పెద్ద బహుళజాతి సంస్థలపై 15 శాతం కనీస పన్ను కూడా ఆ ఏడాదే మొదలైంది. సౌదీ, యూఏఈ 2018లోనే తెచ్చిన వ్యాట్ జోలికి మాత్రం కువైట్ పోలేదు.

దినార్ 2007 నుంచి డాలర్‌తో కాదు, కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంది.