బెర్గెన్ వెళ్తున్న అమ్మడికి

విశాఖపట్నం

చి. అమ్మడికి,

నార్వేలోని బెర్గెన్‌లో చలినీటి పగడాల మీద పరిశోధనకు సీటొచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఉన్ని బట్టల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, నేను పని సంగతి రాస్తాను.

వెళ్లగానే ల్యాబులో కూర్చోకు, రేవుకు వెళ్లు. అక్కడ పగడపు దిబ్బలు పాడవుతున్నాయని ముందుగా గోల పెట్టినవాళ్లలో గాలాల తాళ్లు వేసే జాలర్లున్నారు. అడుగున వలలు ఈడ్చే ట్రాలర్లు తిరిగిన చోట తమకు చేపలు పడటం లేదన్నారు. శాస్త్రవేత్తలు కెమెరాలు దించి చూస్తే, 30 నుంచి 50 శాతం దిబ్బలకు దెబ్బ తగిలి ఉంటుందని అంచనా తేలింది. 1999లో సూలా దిబ్బ మీద ట్రాలింగ్ ఆపేశారు. లోఫోటెన్ దగ్గర రోస్ట్ దిబ్బ 2002లో బయటపడితే మరుసటి ఏడే దానికీ రక్షణ దొరికింది. 35 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, మూడు నాలుగు వందల మీటర్ల లోతు! ఆ జాలర్ల మాటలు వినాలంటే నార్వేజియన్ నేర్చుకో. ఇంగ్లీషు అందరికీ వచ్చు గానీ, ముసలి జాలరి కబుర్లు అందులో సాగవు.

ఇక దిబ్బల పటం గీసే పని. సోనార్ గుట్ట ఆకారం చూపిస్తుంది, ప్రాణముందో లేదో చెప్పదు. కెమెరా దించాక తొందరపడకు. లోఫీలియా పగడానికి కొమ్మ చివర్లలోనే తెల్లగానో నారింజగానో జీవం ఉంటుంది. కింద బూడిదరంగు అస్థిపంజరం. కొమ్మల్లో ఒక పురుగు కాగితంలాంటి గొట్టం కట్టుకుంటుంది, పగడం దానిపై సున్నం పోసి గట్టిపరుస్తుంది. పురుగేమో పగడం తిండి కాజేస్తుంది! ఈ కాపురం నాకు భలే ఇష్టం. చచ్చిన కొమ్మల సందుల్లోనే ఎక్కువ జీవులుంటాయి, నీ పటంలో ఆ చోటు ఖాళీగా వదలకు.

వీడియో సరిపోయేచోట ముక్క విరవకు, విరిచేది ఎంత పాతదో చూడగానే తెలియదు. హవాయి దగ్గరి ఒక నల్ల పగడానికి వయసు కడితే సుమారు 4,265 ఏళ్లని తేలింది.

ఇంకోటి. స్కాట్లాండ్ వాయవ్యాన పగడాలున్న డార్విన్ దిబ్బలు 1998లో కనిపించాయి, ట్రాలింగ్ నిషేధం 2003లో వచ్చింది. ఈలోగా వలలు ఈడ్చిన చారలు కెమెరాకు చిక్కాయి. పేపరు అచ్చయ్యేదాకా పటం దాచుకునే అలవాటు మన పరిశోధకులకుంది, నాకది నచ్చదు. డేటా మత్స్యశాఖకు ఎప్పుడివ్వొచ్చో చేరిన మొదటి వారమే మీ గైడుతో తేల్చుకో. ఓడ దిగాక అడిగితే ఆలస్యం.

ఇట్లు,
పెదనాన్న